నూగు రాలిన రోజులు

మొదటి రోజు

ఇవాళ్టి నుంచి శాల చిట్టా నేను రాయాలి. మా డాక్టరు సన్యాసప్ప చేతులు వణుకుతున్నాయి. ఆమె రాసింది ఆమెకే అర్థం కావడం లేదు. "జరిగింది జరిగినట్టు రాయి, అసిరీ. అందంగా రాయకు," అంది. అందంగా రాయడానికి ఇక్కడేముందని అడగబోయి ఊరుకున్నాను.

శాలలో నలభై ఎనిమిది పొరలున్నాయి. ఒక్కొక్కటి చీరంత పొడవు. లేత గులాబీ రంగులో, తడిగా, గోరువెచ్చగా, చట్రాలకు బిగించి ఉంటాయి. పైన కుడితి పోస్తాం. సముద్రపు నాచు, చేపల తలలు, తవుడు కలిపి మూడు రోజులు పులియబెట్టిన ముద్ద అది. పొర దాన్ని పీల్చుకుంటుంది. కింది వైపు నుంచి ఎండుగడ్డి రంగు ఊట చుక్కచుక్కగా దిగుతుంది. ఆ ఊటను వడగట్టి, మా గట్టు మీది మూడు వందల పన్నెండు మందికీ మెడ కింది గొట్టంలోంచి రక్తంలోకి ఎక్కిస్తాం, రెండు రోజులకు మనిషికొక సీసా. అదే మా బతుకు.

ఈ పొరలు ఎవరివో పేగులు. నలభై ఏళ్ళ కిందట ఆస్పత్రిలో ఒక మనిషి నుంచి తీసిన గోరంత ముక్కను పెంచి పెంచి ఇంత చేశారు. ఆ మనిషి చనిపోయి నలభై ఏళ్ళయింది. పేగు మాత్రం ఇంకా ఆకలిగా ఉంది. కుడితి తగలగానే అది సన్నగా వణుకుతుంది. పదమూడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఆ వణుకు చూసినప్పుడల్లా నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇవాళ ఇరవై పొరల జిగురు గీకాను. ఊట: నూట యాభై ఆరు సీసాలు. గోళ్ళ కింద జిగురు ఇంకా ఉంది.

నాలుగో రోజు

వాసన భరించలేకుండా ఉంది. కుళ్ళిన చేప, పులిసిన తవుడు, వాటి కింద మరేదో తియ్యటి కంపు. అది పొరలదే. జుట్టులోకి, నాలుక మీదికి ఎక్కేస్తుంది. సన్యాసప్పకు ముక్కు పని చేయడం మానేసి పద్నాలుగేళ్ళయింది. ఆమె అదృష్టం ఆమెది.

మధ్యాహ్నం దాలినాయుడి బట్టీకి వెళ్ళి రెండు బుట్టల సున్నం తెచ్చాను, శాల గోడలకు వెయ్యడానికి.

దాలినాయుడు తినే మనిషి. మాకు మైలు దూరంలో, ఒడ్డున గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి సున్నం చేసుకుంటూ ఒంటరిగా ఉంటాడు. నున్నజబ్బు ఊళ్ళను ఊడ్చేసినప్పుడు ఆయన కొండల మీద ఉన్నాడట. ఆయన పేగులకేమీ కాలేదు. మా పెద్దల పేగులన్నీ లోపల అద్దంలా నున్నబడిపోయాయి. కడుపు నిండా తిన్నా తిన్నది తిన్నట్టే నీళ్ళయి బయటికి పోయేది. పళ్ళెం ముందు కూర్చునే మనుషులు ఎండిపోయి చనిపోయారు. పొరల పుణ్యాన మిగిలినవాళ్ళు మిగిలారు. మాలో తినడమన్న మాటే ఎవరూ అనరు. నేను పుట్టాక నోట్లో నీళ్ళు తప్ప ఏమీ వేసుకోలేదు.

నేను వెళ్ళేసరికి ఆయన తింటున్నాడు. ఎండుచేప పళ్ళతో చీలుస్తున్నాడు. అంబలి గడ్డం మీదికి కారుతోంది. నోట్లో ఆ ముద్ద అటూ ఇటూ తిరగడం, తెల్లగా, ఉమ్మితో కలిసి, నాకు కనిపించింది. గొంతు పైకీ కిందికీ కదిలింది.

"రాయే అసిరీ. కూకో," అన్నాడు నిండిన నోటితోనే.

బట్టీ వెనక్కి పోయి కక్కాను. నా కడుపులో కక్కడానికి కూడా ఏమీ ఉండదు. పసుపు నీళ్ళు వచ్చాయి.

"నా కూడు సూత్తే నీకు కక్కొత్తాది. నీ వొంట్లోకి ఏటెక్కుతాదో నువ్వెప్పుడేనా ఆలోసించావేటి?" అన్నాడు. బుట్టలు తీసుకుని వచ్చేశాను.

తొమ్మిదో రోజు

చెల్లెలు సూరమ్మకు ఆడపిల్ల పుట్టింది. తూకం రెండు కిలోల తొమ్మిది వందలు. సన్యాసప్ప పిల్ల మెడ కింద చిన్న గొట్టం పెట్టింది. సూరమ్మకు రొమ్ముల మీద గుడ్డ బిగించి కట్టాను. పాలు ఇంకిపోవాలి. మొదటి ఏళ్ళలో పాలు తాగిన పసిగుడ్లన్నీ నీళ్ళ విరేచనాలయి పోయాయని పెద్దలు చెప్పేవారు. అప్పటి నుంచి గట్టు మీద ఎవరూ పాలు ఇవ్వలేదు. గుడ్డ తడిసి అంటుకుంది. ఆ వాసనకు నా ముఖం ఎలా మారిందో, సూరమ్మ తల పక్కకు తిప్పుకుంది.

శాలలో వాసన కొంచెం తగ్గింది.

ఊట: నూట నలభై ఒకటి. తగ్గింది. కుడితి పల్చబడిందేమో.

పన్నెండో రోజు

ఊట: నూట పద్దెనిమిది.

కుడితి పల్చబడలేదు. చిక్కబరిచి పోశాను. అది పొరల మీద అలాగే నిలిచిపోయింది. సాయంత్రానికి అంచుల నుంచి పొంగి నా కాళ్ళ మీద పడింది. పదమూడేళ్ళలో ఎన్నడూ ఇలా జరగలేదు. ఏడో పొర మీద చెయ్యి పెట్టి చూశాను. మామూలుగా వేలికి మఖమల్‌లా తగులుతుంది. ఇవాళ తడిసిన రేకులా జారిపోయింది. కుడితి పోస్తే వణకలేదు.

ఇన్నాళ్ళూ ఆ వణుకంటే అసహ్యం. ఇవాళ అది లేకపోతే భయం వేసింది.

సన్యాసప్పను పిలిచాను. ఆమె గోరంత ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. తరవాత లేచి నన్ను కూర్చోమంది.

"సూడు. అంచు దగ్గర సూడు. ఏటి కనిపిత్తంది?"

"ఏమీ లేదప్పా. నున్నగా ఉంది."

"అదే. ఏమీ లేదు," అంది.

పదమూడో రోజు

ఊట: నూట రెండు. మా గట్టు పెద్ద కన్నంనాయుడు వచ్చి అందరికీ ముప్పావు సీసా అని చెప్పి వెళ్ళాడు. శాల గడప దాటి లోపలికి రాలేదు. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని బయట నుంచే మాట్లాడాడు.

సన్యాసప్ప నాకు నూగు గురించి చెప్పింది. పదమూడేళ్ళు దాన్ని గీకాను, కడిగాను, తిట్టుకున్నాను. అదేమిటో ఇవాళే తెలిసింది.

పొర మీద కణాలు పలకల్లా పక్కపక్కన పేర్చి ఉంటాయి. ఒక్కో కణం తల మీద దగ్గర దగ్గర మూడు వేల పోగులు నిక్కబొడుచుకుని ఉంటాయి. పుస్తకాల్లో సూక్ష్మచూషకాలంటారు. మేం నూగు అంటాం. ఒక్కో పోగు ఎత్తు మిల్లీమీటరులో వెయ్యోవంతు. తీపినీ మాంసకృత్తుల్నీ చివరి ముక్కలుగా కోసే కత్తెరలు ఆ పోగుల ఒంటి మీదే ఉంటాయట. కోసిన ముక్కలను లోపలికి లాక్కునే వాకిళ్ళూ అక్కడే. నూగు పోతే పొర వట్టి తోలు.

"మెత్తటి పోగులు. అవి నిలబడేదెలా అప్పా?" అని అడిగాను.

ఆమె మూలనున్న చీపురు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇలాగే. ఒక్కో పోగులోన ఇరవై ముప్పై పుల్లలుంటాయి. ఆటి పేరు యాక్టిన్. ఒట్టి పుల్లలయితే పడిపోవా? అందుకే కట్ట కట్టాలి. కట్టే తాళ్ళు మూడు రకాలు. ఫింబ్రిన్ ఒకటి, ఎస్పిన్ ఒకటి, విల్లిన్ ఒకటి. ఈ కట్టకీ పైన తొడుగుకీ మజ్జిన నిచ్చెన మెట్లలాగ మయోసిన్ పట్టుకుని ఉంటాది. అడుగున పుల్లల మొదళ్ళు ఓ అల్లికలోకి దిగిపోయి ఉంటాయి, నాటేసినట్టు. పైన కొసలేమో దారాలతోటి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే అన్నీ ఒకే ఎత్తున నిలబడతాయి."

ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడే ముచ్చట నాకు నచ్చింది. తరవాత నా చేతుల మీది జిగురు చూసుకున్నాను. ఆ పోగులు లక్షల కొద్దీ రాలి ఆ జిగురులో ఉన్నాయి. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

పదిహేనో రోజు

ఊట: డెబ్భై నాలుగు. అర సీసా. సూరమ్మ పిల్ల ఏడుస్తోంది. తూకం వంద గ్రాములు తగ్గింది.

సన్యాసప్ప పుస్తకాలన్నీ నేల మీద పరిచింది. మధ్యాహ్నం నన్ను పిలిచింది. ఆమె ముఖంలో ఏదో దొరికిన వెలుగుంది.

"విల్లిన్ వింతదే అసిరీ. కణంలోన కాల్షియం తక్కువున్నంత సేపూ అది తాడు. పుల్లల్ని కడతాది. కాల్షియం పెరిగిందా, అదే కత్తయిపోతాది. కట్టిన పుల్లల్నే ముక్కముక్కలుగా కోసీసిద్ది. పోగులు లోపల నుంచి కూలిపోతాయి. మన పొరల్లో జరిగిందదే. యాక్టిన్ అంతా తుక్కుతుక్కుగా ఉంది."

"కాల్షియం ఎక్కడి నుంచి వస్తుందప్పా?"

ఆ ప్రశ్న నా నోటి నుంచే వచ్చింది. వచ్చాక నాకు చెవుల్లో రక్తం కొట్టుకోవడం వినిపించింది.

"అదే తెలీడం లేదు. కణం గోడ దెబ్బతింటే తప్ప అంత కాల్షియం లోపలికి పోదు. దేన్నో పోసి కాల్చినట్టుంది. చేప ఎముకలకి అంత జోరు లేదు. నీకేటైనా తోస్తందేటి?"

లేదన్నాను.

పదహారో రోజు

పైన రాయనిది ఒకటుంది.

దాలినాయుడి దగ్గర తెచ్చిన సున్నం గోడలకు వేసింది ఒక్క బుట్టే. రెండో బుట్ట కుడితి తొట్టిలో వేశాను. అయిదో రోజు నుంచి, రోజూ ఉదయం రెండు గుప్పిళ్ళు. సున్నం వేస్తే కంపు చచ్చిపోతుంది. బయటి కాలువల్లో వేసినప్పుడు చూశాను. మొదటిరోజు వేశాక ఒక గంటసేపు ఆ శాలలో ముక్కుతో గాలి పీల్చాను. పదమూడేళ్ళలో మొదటిసారి. ఆ సుఖానికి మళ్ళీ వేశాను. మళ్ళీ వేశాను. సన్యాసప్పకు ముక్కు లేదు, తెలియదు అనుకున్నాను.

సున్నం ఒళ్ళు కాలుస్తుంది. సున్నమంటేనే కాల్షియం. నిన్న ఆమె చెబుతున్నంత సేపూ నాకు తెలుసు.

మూడు వందల పన్నెండు మంది, ఇప్పుడు పిల్లతో మూడు వందల పదమూడు. నాకు కంపు పడలేదని.

పదిహేడో రోజు

తెల్లవారగానే చిట్టా తీసుకెళ్ళి సన్యాసప్ప ముందు పెట్టాను. చదివింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు ముక్కు పోయినప్పుడు నేను ఏడిశాను తెలుసా?" అంది. "కంపు కూడా ఓ కబురే. ఏ పొరకి ఒంట్లో బాగులేదో ఆ వాసనే సెప్పీది. నాకు ముక్కు లేకే నిన్నెట్టుకున్నాను, అసిరీ. నువ్వు దాన్నే సంపీసినావు."

తిట్టి ఉంటే బాగుండేది.

కన్నంనాయుడు అందరినీ బయట మైదానంలోకి పిలిచాడు. నేనే చెప్పాను. ఎవరూ అరవలేదు. అర సీసా మీద బతుకుతున్న మనుషులకు అరిచే ఓపిక ఉండదు. ఒకామె నా ముందుకు వచ్చి నేల మీద ఉమ్మి వెళ్ళింది. సూరమ్మ పిల్లను ఎత్తుకుని వెనక వరసలో నిలబడింది. నావైపు చూడలేదు.

శిక్ష: శాలలోకి అడుగు పెట్టకూడదు. గుడ్డల చావడిలో పని. గట్టు మీది పసివాళ్ళవీ మంచం పట్టినవాళ్ళవీ మలం గుడ్డలు ఉతకడం. ఆ పనికి ఎవరూ ఒప్పుకోరు, అందుకే ఎప్పుడూ శిక్షపడినవాళ్ళే చేస్తారు.

కన్నంనాయుడు నా చేతిలో చిట్టా తీసుకోబోతే సన్యాసప్ప ఆపింది. "దాన్ని ఆవిడ దగ్గరే ఉండనీండి. దాచింది ఆవిడే, ఇకపైన దాచకుండా రాసేదీ ఆవిడే."

పంతొమ్మిదో రోజు

పొరల లెక్క తేలింది. పొరలో అక్కడక్కడా చిన్న గుంతలుంటాయి. కొత్త కణాలు అక్కడే పుట్టి, పైకి జరుగుతూ నాలుగైదు రోజుల్లో పొర మొత్తాన్నీ మార్చేస్తాయి. గుంతలు బతికి ఉంటే నూగు మళ్ళీ మొలుస్తుంది. పదిహేడు పొరల్లో గుంతలు బతికి ఉన్నాయి. ముప్పై ఒకటి లోతుగా కాలిపోయాయి. కన్నంనాయుడి మనుషులు వాటిని కోసి సముద్రంలో పడేశారు. కొత్తవి పెంచడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఒంటికి మూడోవంతు సీసా. పసివాళ్ళకు కొంచెం ఎక్కువ.

గుడ్డల చావడి గురించి: శాల కంపు దీని ముందు సుగంధం. రక్తంలోకే ఊట ఎక్కే మనుషులకు మలమంటే వారానికి ఒకసారి వచ్చే నల్లటి జిగట. తారులా గుడ్డకు అంటుకుంటుంది. నానబెట్టి, రాయి మీద రుద్ది, గోరుతో గీకి తీయాలి. మొదటి రోజు నాలుగుసార్లు కక్కాను. ఇవాళ మూడుసార్లు.

ఇరవై ఒకటో రోజు

మిగిలిన సున్నం దాలినాయుడికి తిరిగి ఇచ్చేయమన్నారు. మోసుకుని వెళ్ళాను. సంగతి చెప్పాను.

ఆయన సున్నం బుట్ట వైపు చూశాడు. ఆయన కాల్చిన సున్నమే కదా.

"పసిగుంటలకేటి ఇత్తన్నారు?" అన్నాడు.

"ఊటే. కొంచెం."

"తల్లుల పాలేటయిపోనాయి?"

పాలన్న మాట వినగానే ముఖం తిప్పుకున్నాను. మనిషి ఒంట్లోంచి కారేది ఇంకో మనిషి నోట్లోకి! గుడ్డ బిగించి కడతామని, పసివాళ్ళకూ పేగులు నున్నవేనని చెప్పాను.

"నున్నవని ఎవరు సూసేరు?"

"మా పెద్దలు."

"మీ పెద్దలు సూసి ఎన్నాళ్ళయిందే?"

తిరిగి వచ్చాక సూరమ్మ ఇంటికి వెళ్ళాను. శిక్ష పడ్డాక మొదటిసారి. లోపలికి రానిచ్చింది. పిల్ల చర్మం ముడతలు పడి, ముఖం ముసలిదానిలా ఉంది. ఏం మాట్లాడాలో తెలియక, దాలినాయుడి పిచ్చిమాటలని చెప్పి, ఆయన అన్నదంతా చెప్పాను. ఛీ అనుకుంటూ చెప్పాను. సూరమ్మ గుమ్మం దాకా వచ్చి, "ఇంక వెళ్ళప్పా, గుంట పడుకోవాలి," అని తలుపు వేసుకుంది.

ఇరవై మూడో రోజు

గవరయ్య పోయాడు. డెబ్భై ఏళ్ళవాడు. ఆయనకు గుండె జబ్బుంది, ఎలాగూ పోయేవాడేనని కన్నంనాయుడు అన్నాడు. నిన్న ఆయన గుడ్డ ఉతికింది నేను. అందులో ఏమీ లేదు. ఒంట్లో వదలడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఆయన కూతురు శుభ్రమైన గుడ్డ కోసం చావడికి వచ్చింది. తలెత్తి చూడలేకపోయాను. గుడ్డ మడత పెట్టి చేతికిచ్చాను. ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగలకుండా కొసన పట్టుకుని తీసుకుంది.

ఇరవై ఆరో రోజు

ఉదయం వచ్చిన మూటలో ఒక గుడ్డ వేరేగా ఉంది.

పసుపు. పసుపు కొమ్ము అరగదీసినట్టు పచ్చటి పసుపు, మెత్తగా, అక్కడక్కడా తెల్లటి గింజల్లాంటివి. జిగట లేదు. వాసన పుల్లగా ఉంది, కుళ్ళు లేదు. ఇన్నేళ్ళలో ఇలాంటిది నేను చూడలేదు. దాని కింద ఇంకొకటి. ఇంకొకటి. మొత్తం అయిదు. గుర్తు ముడి చూశాను. సూరమ్మ ఇంటివి.

నీళ్ళ విరేచనాలు. పెద్దలు చెప్పిన జబ్బు. నాకు అదే తోచింది. తడి చేతులతోనే పరుగెత్తాను.

సూరమ్మ తలుపు తీయలేదు. భుజంతో తోశాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పిల్ల రొమ్ము నోట్లో పెట్టుకుని గుటక గుటకగా తాగుతోంది. పెదవి పక్కన తెల్లటి నురగ. ఆ గుటక చప్పుడు నాకు దాలినాయుడి గొంతులో విన్న చప్పుడే.

"ఏటి సేత్తన్నావే! సంపీస్తన్నావు దాన్ని!"

"నువ్వు సంపలేదా?" అంది సూరమ్మ, నెమ్మదిగానే. "అయిదు రోజుల బట్టి ఇత్తన్నానప్పా. దాలినాయుడు మాట నువ్వు సెప్పిన కాడ్నించి. గుడ్డ ఇప్పీసరికి పాలు ఇంకా ఉన్నాయి. ఊటతో ఎలాగూ పోతాది. పోయేదేదో నా ఒళ్ళోనే పోనీ అనుకున్నాను."

"ఆ గుడ్డలు సూశావా? పసుపు! రోజుకైదు!"

"సూశాను. నాకూ బయంగానే ఉంది. కానీ అది ఏడుపు మానీసింది."

పిల్లను లాక్కోబోయాను. ఆగాను. దాని చెయ్యి సూరమ్మ రొమ్ము మీద ఉంది. మణికట్టు దగ్గర మడత పడింది. ముడత కాదు, మడత. ఒళ్ళు చేస్తే పడే మడత.

ఇరవై ఏడో రోజు

శాల గడప దాటకూడదు కనుక సన్యాసప్పే సూక్ష్మదర్శినిని గుడ్డల చావడికి తెచ్చింది. కన్నంనాయుడు అడ్డు చెప్పాడట. "ఆవిడ రాకూడదన్నావు. యంత్రం పోకూడదనలేదుగా," అందట ఈమె.

ముందు పిల్లను తూచాం. మూడు కిలోల వంద. మళ్ళీ తూచాం. అంతే.

తరవాత గుడ్డ. సన్యాసప్ప చేతులు వణుకుతాయి కాబట్టి గాజు పలక మీద పూత నేనే పెట్టాలి. పుల్లతో తీశాను. గొంతులోకి చేదు వచ్చింది, మింగేశాను. మొదటి పలక మీద ఆమె ఎర్రరంగు చుక్క వేసింది. పేగు పీల్చుకోని కొవ్వుంటే ఎర్రటి బొట్లు బొట్లుగా కనిపిస్తుందట. రెండో పలక మీద మరేదో రంగు వేసింది.

మొదటి పలక చూసి పక్కన పెట్టింది. రెండో పలక చాలాసేపు కదిపింది. చివరికి కళ్ళు తుడుచుకుని, "నా కళ్ళని నమ్మలేను. నువ్వు సూడు," అంది.

చూశాను. మొదటి పలకలో ఎర్ర బొట్లు రెండో మూడో. పాలలోని కొవ్వంతా పిల్ల ఒంట్లోకే పోయింది.

రెండో పలకలో చెత్త, గింజలు, గీతలు. వాటి మధ్య ఒక కణం. పేగు నుంచి రాలిపడింది. పొడుగ్గా, సగం చితికి. దాని ఒక అంచు మసకగా, దట్టంగా, కుంచె అంచులా ఉంది.

"అప్పా, దీనికి నూగుంది," అన్నాను.

"ఉంది."

"ఇది పొరల్లోది కాదు కదా?"

"పొరలు శాలలో ఉన్నాయి. ఇది నీ సెల్లి కూతురి కడుపులోది."

ఆమె మాట్లాడడం మొదలుపెట్టి, ఆపుకోలేకపోయింది. నున్నజబ్బు ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. పదేళ్ళ కిందటే పోయి ఉండొచ్చు, ఇరవై ఏళ్ళ కిందటే పోయి ఉండొచ్చు. మా పెద్దవాళ్ళ పేగుల్లో గుంతలే మాడిపోయాయి, మాకు నూగు తిరిగి రాదు. తరవాత పుట్టిన పిల్లల సంగతి ఎవరూ చూడలేదు. చూడాలంటే వాళ్ళ నోట్లో ఏదో పెట్టాలి, వాళ్ళ గుడ్డలు విప్పాలి. మాకు రెండూ రోత.

"డాక్టర్ని నేను. నేనేనా సూడాలి కదా," అంది సన్యాసప్ప. "ఎంతమంది పిల్లల మెడలు కోసి గొట్టాలెట్టానో!"

ఇరవై తొమ్మిదో రోజు

కన్నంనాయుడు మళ్ళీ అందరినీ పిలిచాడు. సన్యాసప్ప చెప్పింది. జనం నమ్మలేదు. అప్పుడు సూరమ్మ మైదానం మధ్యకు వచ్చి, అందరి ముందూ కూర్చుని, పిల్లకు పాలిచ్చింది. కొందరు వెనక్కి తిరిగారు. ఒకాయన పక్కకు పోయి కక్కాడు. దాచను, నేనూ చూడలేకపోయాను. అయినా ఎవరైనా ఆమె మీదికి వస్తారేమోనని ఆమె వెనకే నిలబడ్డాను.

గట్టు మీద ఏడాది లోపు పిల్లల తల్లులు మరో ముగ్గురున్నారు. ఒక్కతే ముందుకు వచ్చింది, గవరయ్య మనవరాలు. "మా తాత ఈ ఆకలికే పోయాడు. నా కొడుకుని పోనివ్వను," అంది. ఆమెకు పాలు ఇంకిపోయి ఏడు నెలలు.

పిల్లవాడికి పాల బదులు ఏం పెట్టాలో అడగడానికి దాలినాయుడి దగ్గరికి వెళ్ళాలన్నారు ఎవరో. వెళ్ళేవాళ్ళెవరంటే ఎవరూ కదల్లేదు. నేను వెళ్ళాను.

ముప్పయ్యో రోజు

తినేవాణ్ణి దూరంగా ఉండమని మా పెద్దలు పంపేసిన ముప్పై ఆరేళ్ళ తరవాత దాలినాయుడు గట్టు మీదికి వచ్చాడు. రాగులు, ఒక కుండ, చిన్న చెంచా తెచ్చుకున్నాడు. పిండి నానబెట్టి, వడగట్టి, పల్చగా కాచి, చల్లార్చి, వేలితో చూశాడు. ఆ వేలే నాకాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొణిగారు. నేను దవడలు బిగించుకుని నిలబడ్డాను.

"సెంచాడే ఎట్టండి. రేపు రెండు. గుంటకి కడుపంటే ఏటో తెలీదు, బేగి నింపీకండి," అన్నాడు.

మొదటి చెంచా తల్లి ఒలకబోసింది. మళ్ళీ పట్టుకుంది. పిల్లవాడు ముఖం చిట్లించి, నాలుకతో బయటికి తోసేశాడు. దాలినాయుడు నవ్వాడు. మూడోసారికి పిల్లవాడు మింగాడు. వెనకనున్నవాళ్ళు ముందుకు జరిగారు.

మిగిలిన ఇద్దరు తల్లులు సాయంత్రం కుండ దగ్గరికి వచ్చారు.

ముప్పై మూడో రోజు

ఊట: అరవై. పదిహేడు పొరల మీదా నూగు నిండుగా ఉందని సన్యాసప్ప కబురు పంపింది. కొత్త పొరలకు వేలెడు వెడల్పు వచ్చింది. పెద్దవాళ్ళం ఇంకా మూడోవంతు సీసా మీదే ఉన్నాం. నడిస్తే కళ్ళు తిరుగుతున్నాయి. నా శిక్ష తీసేయమని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఉదయం మూటలో ఇరవై రెండు గుడ్డలు వచ్చాయి. ముందు పసివాళ్ళవి వేరు చేశాను. నలుగురివి, తొమ్మిది గుడ్డలు. ఇదివరకు అలాంటివి కర్రతో తొట్టిలోకి తోసేదాన్ని. ఇవాళ ఒక్కొక్కటీ రెండు చేతులతో విప్పి, వెలుతురులో పెట్టి, ముఖం దగ్గరికి తెచ్చుకుని చూశాను. వాసన చూశాను. నాలుగో గుడ్డ దగ్గర పక్కకు పోయి కక్కి, మూతి తుడుచుకుని, వచ్చి అయిదోది విప్పాను.

నల్ల జిగట ఒక్కదానిలోనూ లేదు. నీళ్ళ విరేచనమూ లేదు.